పిండికట్టు కుర్చీ

ఆవిడ పోయిందని తెలిసి నోయిడా నుంచి బయల్దేరి వెళ్లినవాణ్ని, కారు పెట్టడానికి ఆ వీధి చుట్టూ మూడుసార్లు తిరిగాను. చావు పలకరింపుకు వెళ్తూ పార్కింగ్ వెతుక్కోవడం ఢిల్లీవాళ్లకు కొత్తేమీ కాదు. కాకపోతే ఆ రోజు నేను తిరిగింది చోటు లేక కాదు. ఆవిడ గుమ్మానికి ఎదురుగా, కరెంటు స్తంభం పక్కన, ఒక కారు సుఖంగా పట్టేంత జాగా ఖాళీగానే ఉంది. ఆ జాగా నడిమధ్య నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి. దాని ముందుకాలికి తెల్లటి పిండికట్టు. కుర్చీ పక్కకు జరిపి కారు దూర్చడానికి అర నిమిషం చాలు. అడగడానికి ఆవిడ కూడా లేదు. అయినా నాకు ధైర్యం చాల్లేదు. కారు తీసుకెళ్లి మురుగు నాలా గట్టున ఆ కంపులో పెట్టి, ముక్కు మూసుకుని వెనక్కి నడిచి వచ్చాను. బతికుండగా భయపెట్టినవాళ్లను చాలామందిని చూశాను గానీ, పోయాక కూడా కారు దగ్గర భయపెట్టిన మనిషి నాకు ఈవిడొక్కతే.

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు, కానీ ఇక్కడ రాయను. రాస్తే చదివి ఎవరో అనుకుంటారు. అందరికీ ఆవిడ సిస్టరాంటీ. బాపట్ల వైపు పల్లె నుంచి నర్సు ఉద్యోగానికి ఢిల్లీ వచ్చి, పెద్ద సర్కారు ఆసుపత్రిలో వార్డు సిస్టరుగా రిటైరై, యమునకు తూర్పున ఒక పాత కాలనీలో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటులో ఒక్కతే ఉండేది. కారు లేదు. స్కూటర్ లేదు. సైకిల్ తొక్కడం కూడా రాదు. కానీ ఆ వీధి మొత్తంలో సొంత పార్కింగ్ ఉన్నది ఆవిడకొక్కదానికే.

సొంతమంటే కాగితాల మీద కాదు. ఆ కాలనీ కట్టిన రోజుల్లో ఇంటికో స్కూటర్ ఉంటే గొప్ప. ఇప్పుడు ఇంటికి రెండేసి కార్లు. పొద్దున కారు తీసుకుని ఆఫీసుకు వెళ్లినవాడు సాయంత్రం వచ్చేసరికి ఆ చోటు ఉండదు. అందుకని వెళ్లేటప్పుడు బకెట్టో, పూలకుండీయో, పాత టైరో అడ్డం పెట్టి పోతాడు. ఇది ఏ చట్టంలోనూ లేదు గానీ, ఢిల్లీలో చట్టం కన్నా దీనికే విలువెక్కువ. ఒకడి బకెట్ జరిపినందుకు ఇంకొకడి అద్దం పగిలిన వీధులు నాకు తెలుసు. సిస్టరాంటీది కుర్చీ. మిగతావాళ్లు ఉన్న కారు కోసం అడ్డం పెడితే, ఆవిడ లేని కారు కోసం పెట్టింది.

ఎవరి కోసమమ్మా అని అడిగితే జవాబు నాలుక చివరే ఉండేది. "హమారా తమ్ముడు ఆ రహా హై."

బాపట్ల నుంచి తమ్ముడు కారు వేసుకుని వస్తున్నాడట. నేను ఆ కాలనీలో ఉన్న ఆరేళ్లూ ఆయన వస్తూనే ఉన్నాడు. నాగపూర్ దగ్గర టైరు పంక్చరైంది. భోపాల్లో స్నేహితుడెవరో భోజనానికి ఆపాడు. ఝాన్సీలో ఒకటే వాన. ఎవడైనా మరీ మొండికేసి, కారు ఇంజన్ కూడా ఆపకుండా వాదనకు దిగితే, అప్పుడు ఆఖరి అస్త్రం తీసేది. "ఆగ్రా పార్ కర్ లియా." ఆగ్రా దాటేశాడు, ఇంకో మూడు గంటల్లో గుమ్మంలో ఉంటాడు, ఇప్పుడు నువ్వొచ్చి పెడితే ఎలా అని. ఆ మనిషి గొణుక్కుంటూ వెళ్లిపోగానే తమ్ముడు మళ్లీ ఝాన్సీకి వెళ్లిపోయేవాడు. ఆ వీధిలోని పంజాబీలకూ, బిహారీలకూ, గఢ్వాలీలకూ వచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట తమ్ముడు.

కుర్చీ సంగతి కూడా చెప్పాలి. ఎవడో కారు వెనక్కి తీస్తూ దాని ముందుకాలు విరగ్గొట్టాడు. ఇంకొకరైతే పారేసి కొత్తది తెచ్చుకునేవారు. ఈవిడ పాత డ్యూటీ స్నేహితురాలికి ఫోన్ చేసి సరంజామా తెప్పించి, కాలు నిటారుగా పట్టి, దూది చుట్టి, మనిషికి కట్టినంత శ్రద్ధగా పిండికట్టు కట్టింది. కట్టు మీద బాల్ పెన్నుతో ఆ రోజు తారీఖు కూడా వేసింది. ఆరు వారాలు ఎవరూ బరువు పెట్టకూడదని ఆర్డరు. ఏడాది తర్వాత నేను అడిగాను, "ఇంకా ఇప్పరా ఆంటీ?" అని. "ఎక్సరే తియ్యకుండా ఎట్టా ఇప్పేది?" అంది, నేనే బుద్ధి తక్కువవాణ్నన్నట్టు చూసి.

నాకూ ఆవిడకూ పరిచయమైంది కూడా ఆ కుర్చీ వల్లే. మేము ఆ బిల్డింగులో రెండో అంతస్తులోకి కొత్తగా దిగాం. నేను నోయిడాలో కంప్యూటర్ కంపెనీ ఉద్యోగిని, కరీంనగర్ వాణ్ని. అప్పుడే సెకండ్ హ్యాండ్ కారు కొన్న మురిపెంలో ఉన్నాను. ఖాళీ చోటు కనబడింది, విరిగిన కుర్చీ కనబడింది. తీసి గోడకు ఆనించి కారు పెట్టేసి పైకి వెళ్లాను. పావుగంటలో తలుపు చప్పుడు. తీస్తే పొట్టిగా, గుండ్రంగా, తెల్లచీరలో ఒకావిడ. చంకలో బీపీ మిషను.

"కొత్తగా దిగింది మీరేనా? తెలుగోళ్లంట గదా. వందనాలు."

"నమస్తే ఆంటీ. రండి, కూసోండి."

"కూసునేదానికి కుర్చీ ఉంచితే గదా నువ్వు. చెయ్యి చాపు."

ఎందుకో తెలియకుండానే చాపాను. పట్టీ చుట్టి, బుడ్డి నొక్కుతూ, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని తీరిగ్గా అడిగింది. "కారు ఏడ పెట్టావు అబ్బాయ్?"

"కిందనే ఆంటీ... అదేదో ఖాళీగ ఉంటే..." అని నీళ్లు నమిలాను.

"చూశావా, అడగ్గానే ముల్లు ఎట్టా ఎగిరిందో! పైదీ ఎక్కువే, కిందదీ ఎక్కువే. పరాయి చోట్లో బండి పెట్టినోడి బీపీ ఇట్టాగే ఉంటది. ఎల్లి తీసేసి రా, మళ్లీ చూస్తా."

వెళ్లాను. అరగంట వీధులన్నీ గాలించి, ఎక్కడో పార్కు వెనక దూర్చి, చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చాను. ఆవిడ మా ఇంట్లో టీ తాగుతోంది. మా ఆవిడ సుజాత నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. మళ్లీ పట్టీ చుట్టింది. "ఇంకా పెరిగిందే! సరే, మెట్లెక్కొచ్చావు గదా, ఈసారికి ఒదిలేస్తున్నా" అని కప్పు కింద పెట్టి వెళ్లిపోయింది. అప్పట్నుంచి వీధిలో ఎవరు ఆవిడతో వాదనకు దిగినా నేను ముందు వాళ్ల చేతి వైపు చూసేవాణ్ని, పట్టీ ఎప్పుడు పడుతుందా అని.

ఆదివారం ఆవిడ చర్చికి వెళ్లాలి. మరి కుర్చీ? ఇక్కడ ఆవిడ నలభై ఏళ్ల వార్డు అలవాటు బయటపడేది. ఒక సిస్టర్ డ్యూటీ దిగేటప్పుడు తర్వాతి సిస్టర్‌కు ఒక్కో మంచం చూపించి అప్పగిస్తేనే కదా వెళ్లేది. అలాగే ఎనిమిదింటికి బైబిల్ సంచి తగిలించుకుని పైకి వచ్చి, నన్ను బాల్కనీలోకి పిలిచి, హ్యాండోవర్ ఇచ్చేది.

"బెడ్డు ఒకటి. ఖాళీ. పొద్దున ఏడింటికి తెల్ల కారోడు రెండుసార్లు తిరిగాడు, లక్షణాలు బాగాలేవు, కనిపెట్టుకో. ఎదురింటాయన ఇంకా లేవలా, లేస్తే మాత్రం జాగ్రత్త. తమ్ముడు భోపాల్లో ఉన్నాడు. తీసుకున్నావా?"

"తీసుకున్న ఆంటీ."

ఆ మాట నోటితో అనందే కదిలేది కాదు. నేను టీ గ్లాసు పట్టుకుని రెండు గంటలు బాల్కనీలో నిలబడి కుర్చీని కాసేవాణ్ని. "ఆఫీసుల గింత బుద్ధిగ చేస్తే ఎప్పుడో ప్రమోషన్ వచ్చేది నీకు" అని సుజాత దెప్పేది. ఒకసారి మాత్రం మా బంధువు వస్తే పది నిమిషాలే కదా అని పెట్టనిచ్చాను. ఆ పది నిమిషాల్లోనే ఆవిడ చర్చి నుంచి రిక్షా దిగింది. నెల రోజులు నాకు డ్యూటీ వేయలేదు. ఆ నెల ఆదివారం పొద్దున్నే మెలకువ వచ్చి, ఏం చేయాలో తోచక చచ్చాను.

ఎదురింటాయన అన్నాను కదా, ఆయన ఖురానా. శానిటరీ సామాన్ల షాపు, రెండు కార్లు, మూడోది కొనే ఆలోచన. ఆయనకూ ఆవిడకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. పొద్దున్నే గుడ్డ పట్టుకుని కారు తుడుస్తూ కిటికీ వైపు గొంతెత్తి అడిగేవాడు, "సిస్టర్‌జీ, తమ్ముడు కహా తక్ పహుంచా?" అని. ఎక్కడిదాకా వచ్చాడూ అని వెటకారం.

"ఝాన్సీ."

"కల్ భీ ఝాన్సీ థా!"

"నిన్నా ఝాన్సీయే, ఇయ్యాలా ఝాన్సీయే. ఊరు బాగుందని ఉన్నాడు, నీకేంది మధ్యలో?"

ఇది తెలుగులోనే అనేది. ఆయనకు భాష రాకపోయినా అర్థం మాత్రం పూర్తిగా అందేది. మూడో కారు వచ్చాక ఖురానా నిజంగానే ఆ చోటు మీద కన్నేశాడు. కౌన్సిలర్ దగ్గరికి వెళ్లాడు, పోలీసు చౌకీకి వెళ్లాడు. ఒక కుర్చీ మీద కేసు రాయడానికి చౌకీవాళ్లకు మనసొప్పలేదు.

నిజం చెప్పొద్దూ, చాన్నాళ్లు నేనూ ఖురానా పక్షమే. ముసలావిడ పంతం, పనీపాటా లేక అధికారం చలాయిస్తోంది అనుకునేవాణ్ని. ఆ అభిప్రాయం ఒక మే నెల మధ్యాహ్నం పోయింది.

ఆ రోజు నేను ఇంట్లోంచే పని చేస్తున్నాను. ఎదురింట్లో కేకలు. ఖురానా మెట్ల మీద కూలబడి ఛాతీ పట్టుకుని ఉన్నాడు, మొహం పాలిపోయింది. ఆయన భార్య బావురుమంటోంది. నేను దిగేలోపే సిస్టరాంటీ అక్కడుంది. ఆవిడ నడిచి వెళ్లడమే నేను చూడలేదు. నాడి పట్టుకుంది, చొక్కా గుండీలు విప్పింది, నోట్లో మాత్ర పెట్టింది, అంబులెన్సుకు ఫోన్ చేయించింది. చుట్టూ మూగిన పంజాబీలకు తెలుగులో ఆర్డర్లు. "గాలి రానీయండి! నువ్వు ఫ్యాను పట్రా! నువ్వు ఎల్లి సందు మొదట్లో నిలబడు!" ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరూ చెప్పిన పని చెప్పినట్టు చేశారు.

అంబులెన్స్ వచ్చేసరికి వీధికి రెండు వైపులా కార్లు, మధ్యలో దారి ఒక్క బండికే. అలాంటిచోట ఆగితే తలుపులు తెరవలేరు, స్ట్రెచర్ దించలేరు. ఆవిడ వెళ్లి కుర్చీ తీసి చంకలో పెట్టుకుంది. ఆరేళ్లలో ఆవిడే స్వయంగా కుర్చీ తీయడం నేను చూసింది అదే మొదటిసారి. బండి నేరుగా ఆ ఖాళీలోకి దూరింది, తలుపులు తెరుచుకున్నాయి, మనిషిని ఎక్కించారు, వెళ్లిపోయింది. దుమ్ము అణగకముందే ఆవిడ కుర్చీ మళ్లీ వేసేసింది.

నేను ఆవిడ దగ్గరికి వెళ్లాను. "ఆంటీ, దీని కోసమేనా ఇదంత?"

ఆవిడ గుమ్మం మెట్టు మీద కూర్చుని చెమట తుడుచుకుంది. "వార్డులో ఒక బెడ్డు ఖాళీగా ఉంచుతాం అబ్బాయ్. అది ఎవరిదంటే, ఇంకా రానోడిది. మావారికి నొప్పొచ్చిన రోజు ఈ సందులో బండి ఆగేదానికి చోటు లేదు. మంచం మీద మూల మలుపుదాకా మోసుకుపోయాం. ఏడు నిమిషాలు ఆలీసం." ఎవరో పేషెంటు గురించి డాక్టరుకు రిపోర్టు ఇస్తున్నట్టు చెప్పింది. ఏడు నిమిషాలు అన్నప్పుడు మాత్రం కళ్లు కుర్చీ మీద ఉన్నాయి. ఆరేళ్లుగా నేను నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

"మరి గదే చెప్పొచ్చు గద అందరికి. తమ్ముడెందుకు నడుమ?"

"చెప్పాను, మొదట్లో. ఆపదకని చెబితే ఎవడూ ఇనడయ్యా. ఆపద పక్కింటికి వస్తదనుకుంటాడు గానీ తనకొస్తదనుకోడు. 'ఐదు నిమిషాలేగా ఆంటీ' అని పెట్టేసి పోతాడు. అదే తమ్ముడొస్తున్నాడంటే ఒప్పుకుంటాడు. చుట్టాలు అందరిళ్లకీ వస్తారుగా."

"ఇంతకు మీ తమ్ముడు ఉన్నడా ఆంటీ?"

"మేం నలుగురక్కచెల్లెళ్లం. మగపిల్లోడి కోసం మా అమ్మ ఎన్ని ప్రార్థనలు చేయించిందో! పుట్టలా." లేచి చీర దులుపుకుంది. "ముందు పుట్టాలి, ఆనక బయల్దేరాలి. అందుకే ఆలీసమవుతోంది."

"మరి ఆదివారం చర్చిలో అయ్యగారి ముందు కూసుంటరు గద. అబద్ధం పాపం కాదా?"

"నేను వస్తున్నాడన్నా. వచ్చాడని ఎప్పుడైనా అన్నానా?"

ఖురానా నెలకు కోలుకుని వచ్చాడు. వచ్చిన మర్నాడే గుడ్డ పట్టుకుని కారు తుడుస్తూ, తమ్ముడు కహా తక్ పహుంచా అని అరిచాడు. గొంతులో బలం తగ్గింది గానీ వెటకారం తగ్గలేదు. నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టే ఝాన్సీ అంది.

ఆ చలికాలంలోనే కార్పొరేషన్ నోటీసు అంటించారు. కాలనీ వీధుల్లో పార్కింగ్‌కు ఛార్జీ పెట్టాలని ప్రతిపాదన. రోడ్డు పొడుగునా పసుపు గీతలు గీసి, గీతకో నంబరు వేసి, ఆర్సీ కాగితం చూపించి నెలనెలా రుసుము కట్టేవాళ్లకు ఆ నంబరు రాసిస్తారట. బకెట్లు, కుండీలు, కుర్చీలు ఎత్తేస్తారట. అభ్యంతరాలుంటే ఫలానా రోజు బారాత్‌ఘర్‌కు, అంటే కాలనీలో పెళ్లిళ్లు జరిగే హాలుకు, వచ్చి చెప్పుకోవాలి.

నాకు ముందు సంతోషమే వేసింది. రోజూ పార్కు చుట్టూ తిరిగే బాధ తప్పుతుందనుకున్నాను. తర్వాత నోటీసు పక్కన వేసిన పటం చూశాను. వీధంతా చిన్న చిన్న గళ్లు, ప్రతి గడికీ ఒక నంబరు, ప్రతి నంబరుకూ ఒక కారు. కరెంటు స్తంభం పక్కన గడికీ నంబరు ఉంది. ఖాళీగా ఉండటానికి మాత్రం ఆ పటంలో ఒక్క గడీ లేదు. పైగా ఖురానా మొదటిరోజే ఫారం నింపి ఆ స్తంభం పక్క గడే కోరాడని వీధంతా చెప్పుకున్నారు.

సిస్టరాంటీ నన్ను పిలిచింది. "ఒక ఫారం పట్రా. నేను చెబుతా, నువ్వు రాయి."

వాహనం రకం: కుర్చీ. రంగు: నీలం. ఇంధనం: అవసరం లేదు. కాలుష్యం సర్టిఫికెట్: పొగ రాదు. నేను నవ్వుతూ రాస్తుంటే తిట్టింది. "నవ్వకుండా రాయి. దస్తూరి పాడవుద్ది."

ఆ రోజు బారాత్‌ఘర్ నిండిపోయింది. పెళ్లి కుర్చీలకు తొడిగిన శాటిన్ గుడ్డలు కూడా తీయలేదు. కార్పొరేషన్ ఆఫీసరు పెళ్లికొడుకు కూర్చునే సింహాసనం పక్కన బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఆయన జీపు బయట, గేటు పక్కన నో పార్కింగ్ బోర్డు కిందే పెట్టి ఉంది. హిందీ వచ్చి కూడా ఆవిడ పంతంగా తెలుగులోనే చెప్పడం, నేను హిందీలో అనువాదం చేయడం.

"అమ్మాజీ, ఇది వాహనాల ఫారం" అన్నాడాయన.

"తెలుసు బాబూ. మీరు నాలుగు చక్రాలుండాలన్నారు. దీనికి నాలుక్కాళ్లున్నాయి. కారుకెంతో కుర్చీకీ అంతే రాయండి, నెల మొదటి తారీఖున కట్టేస్తా."

"ఎన్నేళ్లైంది ఈ కుర్చీ కొని?" ఆయనకూ సరదా పుట్టినట్టుంది. "పాత బండ్లు ఢిల్లీలో తిరగకూడదు, తెలుసా?"

"ఇది తిరగదుగా."

హాలు గొల్లుమంది. ఆఫీసరు మొహం ఎర్రబడింది. "ఇంత ఎరుపు మంచిది కాదు, బీపీ చూస్తానని చెప్పు" అని ఆవిడ సంచిలోంచి మిషను తీయబోతే ఆపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన ఇక సరదా మానేశాడు. సూటిగా అడిగాడు. ఆ చోట్లో పెట్టే కారు ఎవరిది?

"మా తమ్ముడిది."

"ఎక్కడున్నాడు?"

"ఝాన్సీ!" అని హాలంతా ఒక్క గొంతుతో అరిచింది.

ఆయన పెన్ను మూత పెట్టేశాడు. "ఈ తమ్ముణ్ని ఇక్కడ ఎవరైనా కళ్లతో చూశారా? చూసినవాళ్లుంటే చెప్పండి. లేకపోతే ఆ నంబరు అడిగినవాళ్లకు రాసేస్తాను."

నవ్వులు ఆగిపోయాయి. నేను ఆవిడ చెవిలో అన్నాను, "ఆంటీ, అంబులెన్స్ సంగతి చెప్పుండ్రి. ఇప్పుడన్న చెప్పుండ్రి."

"నోర్మూసుకో. చెబితే బోర్డు పెడతారు. బోర్డు కింద మొదట నిలబడేది ఆయన జీపే" అంది. అంది గానీ, నా మణికట్టు పట్టుకున్న ఆవిడ చెయ్యి చల్లగా ఉంది. వీధిలో అందరి నాడీ పట్టి చూసిన చెయ్యి అది. గీత పడితే ఆ వీధిలో ఇంకో మనిషిని మంచం మీద మోసుకెళ్లాల్సి వస్తుంది. ఆ సంగతి హాలులో ఆవిడకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను.

అప్పుడు ఖురానా లేచాడు. అయిపోయింది అనుకున్నాను. నంబరు అడిగిన మనిషే ఆయన కదా.

"నేను చూశాను" అన్నాడు హిందీలో. "ఈవిడ తమ్ముణ్ని నేను చూశాను. తెల్ల బండి. పైన లైటు కూడా ఉంటుంది. మే నెలలో వచ్చాడు. నన్ను ఎక్కించుకుని తీసుకెళ్లాడు కూడా."

తన ఫారం బల్ల మీంచి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత వెనక వరుసలో ఎవరో, నేనూ చూశాను అన్నారు. ఇంకొకరు లేచారు. ఆఫీసరుకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. అభ్యంతరం నమోదైంది, పరిశీలిస్తాం అని రాసుకుని తర్వాతి వాళ్లను పిలిచాడు.

ఇంటికి నడుస్తుంటే ఆవిడ ఖురానాకు థాంక్స్ చెప్పలేదు సరికదా, తిట్టింది. "అంతమంది ముందు సాచ్చెం చెబుతూ అబద్ధమాడతాడా! మావాడు ఇంకా ఆగ్రా కూడా రాందే! ఆయనకి చెప్పు అబ్బాయ్." చెప్పాను. ఖురానా నడక ఆపకుండా చొక్కా చేయి పైకి మడిచి, బీపీ చూడమని ఆవిడ ముందుకు చాపాడు.

ఆ ప్రతిపాదన ఏ బీరువాలో నిద్రపోయిందో గానీ వీధిలో గీతలు పడలేదు. మర్నాటి నుంచి ఖురానా మళ్లీ కారు తుడుస్తూ అరవడం, ఆవిడ ఝాన్సీ అనడం. తర్వాత మేము నోయిడాలో అపార్ట్‌మెంటుకు మారాం. ఇక్కడ నేలమాళిగలో నాకు నంబరున్న పార్కింగ్ ఉంది. ఎవరూ పోట్లాడరు. పక్క నంబరు కారు ఎవరిదో మూడేళ్లయినా నాకు తెలియదు.

ఆ రోజు నాలా గట్టు నుంచి నడిచి వెళ్లేసరికి ఆవిడ ఇంట్లో చర్చివాళ్లు పాడుతున్నారు. కాసేపటికి మనిషిని తీసుకెళ్లే బండి వచ్చింది. ఖురానా, నడుం నొప్పితో వంగలేని మనిషి, తనే వెళ్లి కుర్చీ ఎత్తి పక్కన పెట్టాడు. బండి ఆ ఖాళీలో సుఖంగా ఆగింది. ఆవిడ కాపలా కాసిన చోటు నుంచే ఆవిడను తీసుకెళ్లారు. ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. నేను అక్కడే నిలబడి, సిగ్గుపడకుండా ఏడ్చాను.

అందరూ శ్మశానానికి కార్లెక్కుతుంటే ఖురానా కదల్లేదు. కుర్చీ తెచ్చి మళ్లీ మధ్యలో వేశాడు.

"నువ్వు వెళ్లు బేటా. నేను రాను. డ్యూటీ ఉంది."

ఆఖరిసారి ఆసుపత్రికి వెళ్లేముందు ఆవిడ గేటు దగ్గర ఆగి ఆయనకు హ్యాండోవర్ ఇచ్చి వెళ్లిందట. నాకు కొంచెం కడుపు మండింది. ఆదివారాలు బాల్కనీలో నిలబడి కాసినవాణ్ని నేను, అప్పగింత ఆయనకా! నా మొహం చూసి ఆయనే చెప్పాడు. "నాకెందుకని అడిగాను. దొంగ చేతికే తాళాలిస్తే ఇంకో దొంగ రాడంది."

కరెంటు స్తంభం మీద కొత్త నోటీసు కనబడింది. కాగితం ఇంకా మాయలేదు. మళ్లీ అదే ప్రతిపాదన, అవే గీతలు, అవే నంబర్లు. ఖురానా జేబులోంచి ఒక ఫారం తీసి చూపించాడు. వాహనం రకం ఉన్నచోట హిందీలో వంకర అక్షరాలతో కుర్చీ అని రాసి ఉంది.

అప్పుడే సందులోకి ఒక కారు వచ్చి, ఖాళీ చూసి, ఆగింది. కిటికీ దించి ఒక కుర్రవాడు మర్యాదగానే అడిగాడు, అంకుల్, ఖాళీగానే ఉంది కదా, ఐదు నిమిషాలు పెట్టుకుంటాను అని.

ఖురానా కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. "నహీ బేటా. సిస్టర్‌జీ కా తమ్ముడు ఆ రహా హై."

కుర్రవాడు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. "కహా తక్ పహుంచే?"

ఖురానా కుర్చీ మీద చెయ్యి తీయకుండానే నా వైపు చూశాడు.

"ఆగ్రా పార్ కర్ లియా" అన్నాను నేను.